పిల్లిని చంపిన కుక్క, పురిటికొచ్చే ఆడపడుచు

ఉత్తరం: మాది విజయవాడ, భవానీపురం. మావారికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. రెండేళ్ళ కిందట ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ముధోల్ జాతి కుక్కపిల్లని తెచ్చారు. మన దేశపు వేటజాతి, ఠీవిగా ఉంటుందన్నారు. మా పదకొండేళ్ళ బాబు దానికి ఫ్లాష్ అని పేరు పెట్టాడు. పెంచడం మాత్రం నా మీద పడింది. ఇంట్లో నెమ్మదిగానే ఉంటుంది, బాబు మంచం పక్కనే పడుకుంటుంది. పోయిన నెల గేటు తీసి ఉండగా వీధిలోకి దూకి ఎదురింటివాళ్ళ పిల్లిని చంపేసింది. బాబు కళ్ళారా చూశాడు. అప్పటినుంచి ఎదురింటివాళ్ళు మాతో మాట్లాడటం లేదు. వచ్చే నెలలో ఆడపడుచు పురిటికి వస్తోంది. ‘రక్తం రుచి మరిగిన కుక్క ఉన్న ఇంట్లో పసిగుడ్డుని ఎలా పెట్టుకుంటాం’ అని అత్తయ్యగారు. మావారు దాన్ని రెండుసార్లు బెల్టుతో కొట్టారు. ఇప్పుడేమో పల్నాడు వైపు స్నేహితుడి తోటకి పంపేద్దాం, కుందేళ్ళ వేటకి పనికొస్తుందట అంటున్నారు. ఆ మాట విన్నప్పటినుంచి బాబు సరిగ్గా అన్నం తినడం లేదు. నాకు దాని మీద జాలీ ఉంది, భయమూ ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఉంచుకోవచ్చమ్మా. కాకపోతే ఇప్పటిలాగా కాదు. ఇప్పుడున్నట్టే అయితే అందరికంటే ముందు మీరు అలిసిపోతారు.

మీ అత్తయ్యగారి మాటతో మొదలుపెడతాను. దాన్ని చాదస్తమని తీసిపారేయకండి, అందులో సగం తప్పున్నా సగం ఒప్పుంది.

తప్పు ఎక్కడంటే, రక్తం రుచి మరగడం అన్నచోట. ముధోల్ కంటితో వేటాడే కుక్క. (ముధోల్ అంటే మన నిర్మల్ జిల్లాలో ఉన్న ఊరు కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలో ఉన్నది. కారవాన్ హౌండ్ అన్నా ఇదే.) వాసన పట్టి నిదానంగా వెతుక్కుంటూ పోయే రకం కాదు. ఎదర చిన్న జంతువేదైనా చటుక్కున పరిగెత్తిందంటే చాలు, దాని కాళ్ళు దాని మాటే వినవు, ఇక మీ మాట ఏం వింటాయి! దక్కన్ పీఠభూమి మీద కుందేళ్ళని తరిమి పట్టడానికి తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి మరి. ఆ పిల్లి కదలకుండా కూర్చుని ఉంటే బతికేదేమో. భయపడి పరిగెత్తి ఉంటుంది. ఫ్లాష్‌కి దాని మీద కోపమూ లేదు, పగా లేదు. పరిగెత్తేదాన్ని పట్టుకోవాలన్న గుణం ఒకటి, మనిషి మీద పడి కరిచే గుణం ఇంకొకటి. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది వచ్చేయదు. రెండేళ్ళుగా మీ బాబు పక్కనే పడుకుంటోంది కదా, ఎప్పుడైనా వాడికి పళ్ళు చూపించిందా? మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఒకవేళ చూపించి ఉంటే కిందిదంతా చదవడం ఆపి, ముందు దాన్ని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు అందుబాటులోనే ఉంది.

ఒప్పు ఎక్కడంటే, పసిబిడ్డ సంగతిలో. బిడ్డ ఉన్న గదిలో ఏ కుక్కనీ ఒంటరిగా వదలకూడదు. ముధోల్ అనే కాదు, ఒళ్ళో పట్టే పామెరేనియన్ అయినా అంతే. చంటిపిల్లల ఏడుపు, కాళ్ళూ చేతులూ ఆడించడం కుక్కకి కొత్త. అందుకని పురిటి గదికి ఫ్లాష్ దూకలేనంత ఎత్తున్న చెక్క గేటొకటి పెట్టించండి, అది ఉన్నా ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంచండి. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డా రాకముందే బిడ్డకి చుట్టిన గుడ్డ ఒకటి తెప్పించి ఫ్లాష్‌కి వాసన చూపించండి. మొదటి వారం మెడకి తాడు కట్టి, పక్కన పెద్దవాళ్ళుండగానే దూరం నుంచి చూడనివ్వండి. ఆడపడుచుకి భయంగా ఉందంటే అది కూడా వద్దు, బిడ్డ ఉన్నన్నాళ్ళూ ఆ వైపు రానివ్వకండి. బాలింత మనసు కష్టపెట్టి కుక్కకి అలవాటు చేయాల్సిన అవసరం ఏమీ లేదు. ఇదంతా మీ అత్తయ్యగారికి మీరు కాదు, ఆవిడ కొడుకు చెప్పాలి. తెచ్చింది ఆయనే కదా.

ఇక గుణం మార్చడం గురించి. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు పక్కన. నా చిన్నప్పుడు అక్కడ బాతుల మందల వెంట జోనంగి కుక్కలు తిరిగేవి. నున్నటి పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ఏదో బెంగపడుతున్నట్టు ముడతలు, మొరగమంటే రాగం తీసేవి. పందికొక్కుల్ని పట్టడంలో వాటికవే సాటి. అవే కుక్కలు బాతుల మధ్య పగలంతా తిరిగి ఒక్క బాతుని ముట్టుకునేవి కావు, పుట్టిన దగ్గర్నుంచి వాటి మధ్యే పెరిగాయి గనక. తర్వాత చేపల చెరువులొచ్చాయి, బాతులు పోయాయి, జోనంగులకి పని లేకుండా పోయింది. అమ్మమ్మ పెరట్లో ఒకటి మిగిలింది. చేయడానికి ఏమీ లేక అది పెరడంతా గోతులు తవ్వేది. జామచెట్టు వేళ్ళు బయటపడ్డాయి. మామయ్య కర్ర తీసుకుని వెంటపడేవాడు. అమ్మమ్మ మాత్రం బావి పక్కన ఒక మూల ఇసుక పోయించి, అందులో రోజూ ఒక ఎండుచేప తలకాయ పాతిపెట్టేది. పదిహేను రోజులు తిరిగేసరికి కుక్క జామచెట్టు సంగతే మర్చిపోయింది. ఆ తర్వాత ఆ మూల ఎంత లోతు తవ్వినా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

ఫ్లాష్‌కి కూడా అలాంటి మూల ఒకటి కావాలి. అయిదడుగుల కర్ర తీసుకోండి. దాని చివర నాలుగడుగుల తాడు, తాడు చివర పాత తువ్వాలు ముక్క కట్టండి. గేటు మూసి, వాకిట్లోనో డాబా మీదో నిలబడి ఆ గుడ్డని నేల మీద గుండ్రంగా లాగండి. డాబా మీదైతే పిట్టగోడ దూకలేనంత ఎత్తుండాలి. ఫ్లాష్ ఏం చేస్తుందో చూడండి. ఒళ్ళు కిందికి దింపి, ఒక్క క్షణం ఆగి, బాణంలా వస్తుంది. రెండు మూడు చుట్లు తిప్పాక గుడ్డని దానికి దొరకనివ్వాలి. దొరకనివ్వకపోతే దానికి ఆట కాదు, హింస. పట్టుకుని నాలుగుసార్లు విదిలిస్తుంది, అప్పుడు ‘వదులు’ అని చెప్పి, చిన్న కోడిమాంసం ముక్క చూపించి గుడ్డ తీసుకోండి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. ఇది ఒగర్చుకుంటూ వచ్చి మీ వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపి పడుకుంటుంది చూడండి, ముధోల్‌కి పరుగు ఎంత ఇష్టమో నిద్రా అంతే ఇష్టమని అప్పుడు తెలుస్తుంది. కడుపు నిండా తిన్న వెంటనే మాత్రం పరిగెత్తించకండి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు మెలిపడి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. తిండికీ పరుగుకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి.

వీధిలో మాత్రం దాని మెడతాడు చేతిలో లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. కృష్ణ ఒడ్డు, కాలువ గట్లు ఖాళీగా కనబడితే ‘కాసేపు వదులుదాం, పాపం’ అనిపిస్తుంది. అక్కడ మేకలుంటాయి, కోళ్ళుంటాయి, అవతల లారీలుంటాయి. ఒకసారి పరుగు అందుకుంటే మీ పిలుపు దాని చెవికెక్కదు. మామూలు పట్టీ దీని మెడ మీద ఆగదు, తల సన్నం కదా, వెనక్కి లాగితే జారిపోతుంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకునే మార్టింగేల్ పట్టీలు దొరుకుతాయి, షాపులో అదే పేరుతో అడగండి. ప్రహరీ ఎంతెత్తుందో మీరు రాయలేదు. ఆరడుగుల కంటే తక్కువుంటే పైన జాలీ వేయించక తప్పదు. బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది, వేసవిలో ఆరింటిలోపు, మళ్ళీ చీకటి పడ్డాకే. మీ అరచేతి వెనకభాగం తారురోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు.

చుట్టాలొచ్చి ‘ఏమిటిది, డొక్కలు కనబడుతున్నాయి, అన్నం పెట్టట్లేదా’ అంటూ ఉంటారు, అవునా? రెండు మూడు పక్కటెముకలు కనబడటం ఈ జాతికి మామూలే. ఆ మాటలకి నొచ్చుకుని నెయ్యన్నం పెట్టేయకండి.

కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఈ తరిమే గుణం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది వేరే కారణాలకి మంచిదే, దీనికి మందు కాదు. చేయిస్తే మాత్రం హౌండ్ జాతి అని డాక్టరుకి ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి వీటికి మత్తుమందు జాగ్రత్తగా ఎంచుకోవాలి.

బెల్టు దెబ్బల విషయం. పిల్లి చచ్చాక ఎంతసేపటికి కొట్టారో తెలియదు గాని, ఎప్పుడు కొట్టినా ఆ దెబ్బకీ పిల్లికీ ఉన్న సంబంధం కుక్కకి తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే, ఈ మనిషి చెయ్యి లేస్తే పారిపోవాలి అని. పారిపోవడంలో దాన్ని మించినవాళ్ళు మీ పేటలో లేరు. రేపు ఎప్పుడైనా గేటు దాటితే, ఆయన పిలిస్తే రావాల్సిన కుక్క ఆయన్ని చూసి ఇంకా దూరం పోతుంది. ఇది కూడా ఆయనకి చదివి వినిపించండి.

తోటకి పంపే ఆలోచన నాకు అసలు నచ్చలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలుని వేటాడినా, ఉడుముని పట్టినా నేరమే. మీ కుక్కతో ఆ పని చేయించి స్నేహితుడు దొరికిపోతే మీవారి పేరూ బయటికి వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, వేటజాతి కదా అని పరుపు పక్కన పెరిగిన కుక్కకి రాత్రికి రాత్రి అడవి తెలిసిపోదు. పొలాల్లో అడవిపందుల కోసం పెట్టే ఉచ్చులుంటాయి, కరెంటు తీగలుంటాయి. మీవారు ఎలక్ట్రికల్ షాపు మనిషి, ఆ తీగల సంగతి ఆయనకి నేను చెప్పక్కర్లేదు. తిండీ నీళ్ళూ చూసేవాళ్ళు లేనిచోట వదిలేసి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఎదురింటికి మీవారే వెళ్ళాలి. పొరపాటు మాదే అని ఒప్పుకోవాలి. ‘పిల్లే కదా’ అన్న మాట నోట్లోంచి రాకూడదు, ఆ పిల్లికి వాళ్ళ ఇంట్లో ఒక పేరు ఉండే ఉంటుంది. పిల్లిని చంపిన పాపానికి బంగారు పిల్లిని దానం చేయాలని మన పెద్దవాళ్ళు అనేవారు. బంగారం ధర చూస్తే అది మన వల్ల అయ్యే పని కాదు గాని, ‘గేటుకి ఇదిగో ఇలా గడియ పెట్టించాం, వచ్చి చూడండి’ అని చెప్పగలిగితే వాళ్ళకి కాస్త ధైర్యం వస్తుంది.

ఇప్పుడు మీ గురించి. ‘పెంచడం మాత్రం నా మీద పడింది’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం గొడవంతా అక్కడే కనబడుతోంది. 2020 ఆగస్టులో ‘మన్ కీ బాత్’లో ప్రధాని ముధోల్ పేరు చెప్పాక ఈ జాతిని అడిగేవాళ్ళు మన ఊళ్ళలో బాగా పెరిగారు, తపాలా శాఖ 2005లోనే దీని మీద స్టాంపు వేసింది. గర్వపడటం తప్పు కాదు. గర్వం ఆయనదీ, పరుగు పెట్టించే పని మీదీ అయితేనే తప్పు. ఆయన షాపు తీసేలోపు పొద్దున పరుగు ఆయనది. వ్యాక్సిన్లు, డాక్టరు, జాలీ, గడియ కూడా ఆయనవే. సాయంత్రం గుడ్డ ఆట, నీళ్ళగిన్నె బాబువి. మీకు ఇష్టమైతే అన్నం పెట్టండి, లేకపోతే అదీ వద్దు. నెల రోజులు ఇలా నడిస్తే కుక్క ఇంట్లో ఉంటుంది.

నడవకపోతే వేరే ఇల్లు చూడండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పిల్లులూ కోళ్ళూ లేని, ఎత్తు గోడలున్న, హౌండ్ జాతిని ఇదివరకు పెంచిన ఇల్లయితే మంచిది. పిల్లిని చంపిన సంగతి దాచకుండా చెప్పి, వ్యాక్సిన్ కార్డు చేతికిచ్చి, బాబుని వెంట తీసుకెళ్ళి అప్పగించండి. వాడు స్కూల్లో ఉన్నప్పుడు మాత్రం పంపేయకండి.

ఒక్కటి అడగాలి. గేటు తీసి ఉండగా అని రాశారు, ఎవరు తీశారో రాయలేదు. సైకిలు లోపలికి తెస్తూ బాబే తీసి వదిలేశాడేమో? అదే అయితే వాడు అన్నం మానేసింది కుక్కని పంపేస్తారన్న బెంగతో మాత్రమే కాదు. అందరి ముందూ అడగకండి. రాత్రి వాడు ఫ్లాష్ పక్కన కూర్చున్నప్పుడు మీరూ పోయి కూర్చోండి. చెప్తే వినండి, చెప్పకపోతే బలవంతం చేయకండి. గేటు దానంతటదే మూసుకునే స్ప్రింగు గడియలు హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటాయి. ఆదివారం నాన్నా కొడుకూ కలిసి అది బిగించమనండి. డ్రిల్లింగ్ మిషన్ ఎలాగూ ఇంట్లో ఉండే ఉంటుంది. స్క్రూలు వాడి చేత తిప్పించండి.