నర్సు ఉద్యోగానికి యూకే వెళ్లడానికి 60 వేల దిర్హమ్‌ల లోన్ ఎందుకు?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. దుబాయ్‌లో అకౌంటెంట్‌ని, జీతం 7,000 దిర్హమ్‌లు. నా భార్యది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. ఇక్కడే ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. జీతం 6,500, అందులో బేసిక్ 4,000. తను ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష, యూకే నర్సింగ్ కోసం కంప్యూటర్ మీద రాసే సీబీటీ పరీక్ష పాసైంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే ఒక ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు నుంచి ఆఫర్ వచ్చింది. ఏజెంటు ప్రాసెసింగ్‌కు 18,000 దిర్హమ్‌లు అడుగుతున్నాడు. అద్దె, ఇంటి ఖర్చు, మా ఇంటికి 30,000 రూపాయలు, అత్తగారింటికి 25,000 పెసోలు కలిపి నెలకు 9,150 దిర్హమ్‌లు అవుతోంది. చేతిలో 9,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 11,000. నా పేరు మీద నాలుగేళ్లకు 60,000 పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం. చాలకపోతే ఇలోయిలోలో బావమరిది అక్కడి ‘ఫైవ్-సిక్స్’ వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తెస్తానంటున్నాడు. వెళ్లేముందు తను మూడు వారాలు పుట్టింటికి వెళ్లాలనుకుంటోంది. మా ప్లాన్ సరైనదేనా?

జవాబు: మీ ఆవిడ యూకే వెళ్లడం మంచి నిర్ణయం. లోన్ మాత్రం వద్దు. ఆ 18,000 అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణముంది. విదేశాలకు వెళ్లే నర్సుల ఇళ్లలో, వాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లైనా మన తెలుగువాళ్లైనా, ఇదే తప్పు జరుగుతోంది. రాబోయే జీతాన్ని ఇప్పుడే చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసి అప్పు చేస్తారు, అత్యవసర నిధి సంగతి వెళ్లాక చూద్దామంటారు. ఆ నిధి అవసరం పడేదే వెళ్లిన మొదటి ఆరు నెలల్లో.

ముందు ఏజెంటు సంగతి. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోవడం యూకే చట్టం ప్రకారం నేరం. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కూడా యూకే లాంటి దేశాలకు ప్లేస్‌మెంట్ ఫీజు వసూలు చేయనివ్వదు. ఏజెన్సీకి డబ్బు ఇవ్వాల్సింది ట్రస్టే. ఎన్‌హెచ్‌ఎస్ ఎంప్లాయర్స్ అనే సంస్థ దగ్గర నియమాలు పాటించే ఏజెన్సీల (ఎథికల్ రిక్రూటర్స్) జాబితా ఉంది, అందులో ఈ ఏజెన్సీ పేరు ఉందో లేదో చూడండి. ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్ చిరునామా ఎన్‌హెచ్‌ఎస్ డొమైన్‌దేనా? ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాకుండా, ట్రస్టు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి ఆఫర్ నిజమో కాదో అడగండి. అక్కడ ‘మాకు తెలియదు’ అన్నారంటే 18,000తో పాటు చాలా మిగిలినట్టే. ఇది చదివే మన నర్సులకూ ఒక మాట: భారత్ నుంచి వెళ్లేవాళ్ల దగ్గర రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి.

ఇక జీతం లెక్క. ఎన్‌హెచ్‌ఎస్‌లో రిజిస్టర్డ్ నర్సుకు ఇచ్చే జీతం గ్రేడును బ్యాండ్ 5 అంటారు. అది 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్ల దగ్గర మొదలైంది. కానీ అక్కడికి వెళ్లాక రాసే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసై, నర్సులను నమోదు చేసే ఎన్‌ఎంసీ మండలిలో రిజిస్ట్రేషన్ వచ్చేదాకా చాలా ట్రస్టులు కింది గ్రేడైన బ్యాండ్ 4 జీతమే ఇస్తాయి. అది అదే ఏడాది 27,485 పౌండ్లు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే తప్పనిసరి కోత, పెన్షన్ పోగా నెలకు చేతికొచ్చేది 1,800 పౌండ్ల చుట్టూ. పేరోల్ కటాఫ్ దాటాక చేరితే మొదటి జీతం ఐదారు వారాలకు గానీ పడదు. పన్ను కోడ్ సరిగ్గా పడకపోతే మొదటి నెల పన్ను ఎక్కువ కోసుకుంటారు. తర్వాత సర్దుతారు, కానీ ఆ నెల అద్దె ఆగదు. మొదటిసారి ఆస్కీకి చేరిన 12 వారాల్లోపు కూర్చోవాలి, 8 నెలల్లోపు రిజిస్ట్రేషన్ రావాలి. పది స్టేషన్ల పరీక్ష అది, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపించాలి. మందు ఇచ్చే స్టేషన్‌లో అలర్జీ చూడకుండా ఇచ్చేసినా, రోగి పేరూ పుట్టిన తేదీ సరిచూడకపోయినా పదేళ్ల అనుభవమున్న నర్సు కూడా ఆ స్టేషన్ ఫెయిలవుతుంది.

ఆ నెలల్లో దుబాయ్‌లో మీ పరిస్థితి చూడండి. మీ జీతం 7,000, ఖర్చు 9,150. నెలకు 2,150 లోటు. దీనిపైన 60,000 లోన్‌కు 8 శాతం వడ్డీ అనుకున్నా కిస్తీ 1,465 దాకా వస్తుంది. లోటు 3,600 దాటుతుంది. అక్కడ మీ ఆవిడకు తిండికి, గది అద్దెకు సరిపోయే రోజుల్లో ఇక్కడ మీరు కార్డు గీకుతారు. మీ ఉద్యోగం పోయినా, మీరు యూకే బయల్దేరినా కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీని బ్యాంకు లోన్ కింద పట్టుకుంటుంది. బాకీ 10,000 దిర్హమ్‌లు దాటితే కోర్టు నుంచి ట్రావెల్ బ్యాన్ తెచ్చే వీలు కూడా దానికుంది. భార్య ఇంగ్లండ్‌లో, మీరు దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఆగిపోవడం కోసమా ఈ లోన్?

ఫైవ్-సిక్స్ గురించి ఎక్కువ చెప్పను. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. నెల గడువైతే మన లెక్కలో నూటికి 20 రూపాయల వడ్డీ. విజయవాడ కాల్‌మనీకి దీనికీ తేడా లేదు. ఫిలిప్పీన్స్‌లో బండి మీద తిరిగి ఈ వసూళ్లు చేసేవాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లే చాలామంది. బావమరిదికి ఈరోజే వద్దని చెప్పండి.

చేయాల్సింది ఇది. ఉన్న 9,000లో 4,000 ముట్టుకోకుండా పెట్టి, 5,000 కార్డుకు కట్టేయండి. ఇద్దరి జీతంలో నెలకు 4,350 మిగులుతోంది కదా, రెండు నెలల్లో కార్డు తీరిపోతుంది. కార్డు బాకీ ఉండగా చిట్టీలు, ఫండ్లు, బంగారం జోలికి వెళ్లొద్దు. మూడో నెల నుంచి మిగిలే ప్రతి దిర్హమ్ అత్యవసర నిధికే. ఏడో నెల చివరికి 28,000 చేరుతుంది, అంటే మూడు నెలల ఖర్చు. మీ లోటు 2,150 కాబట్టి ఆస్కీ ఆలస్యమైనా, తిరిగి రాయాల్సి వచ్చినా ఈ నిధి ఏడాదికి పైగా మిమ్మల్ని మోస్తుంది. దీన్ని విడి సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, దానికి కార్డు తీసుకోవద్దు.

ఏడు నెలలు ట్రస్టు ఆగుతుందా అంటే, అడగండి. విదేశీ నర్సులను చాలా ట్రస్టులు బ్యాచ్‌లుగా తీసుకుంటాయి, తర్వాతి బ్యాచ్‌లోకి మార్చమనడం మామూలే. అయితే వీసా కోసం ట్రస్టు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇవ్వకముందే అడగాలి. అది ఇచ్చాక మూడు నెలల్లోపు వీసాకు దరఖాస్తు చేయాల్సిందే.

వెళ్లే ఖర్చుకు మీ ఆవిడ గ్రాట్యుటీ ఉంది. నాలుగేళ్లకు, ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున 11,200 దిర్హమ్‌లు, సుమారు 2,280 పౌండ్లు. ఆస్కీకి 794, రిజిస్ట్రేషన్‌కు 153 పౌండ్లు. 600 పౌండ్ల గది తీసుకుంటే ఒక నెల అద్దె, చట్టం ఒప్పుకునే గరిష్ఠ డిపాజిట్ ఐదు వారాలది కలిపి 1,292. మొత్తం 2,239. చాలా ట్రస్టులు పరీక్ష ఫీజు, టికెట్, వీసా తామే పెట్టుకుంటాయి కాబట్టి ఇందులోనూ కొంత మిగలొచ్చు. కానీ కాంట్రాక్టులో తిరిగి చెల్లింపు క్లాజు ఉందేమో చదవండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, అది నెలనెలా తగ్గుతుందా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి.

పుట్టింటి ప్రయాణం రాజీనామా తర్వాత పెట్టుకోవద్దు. ఇప్పుడున్న ఉద్యోగంలో సెలవు మీద వెళ్లి, తిరిగి దుబాయ్ వచ్చి, ఇక్కడి నుంచే యూకే వెళ్లాలి. ఫిలిప్పీన్స్ కార్మికులు స్వదేశం నుంచి బయల్దేరాలంటే ఓఈసీ అనే విదేశీ ఉద్యోగ ధ్రువపత్రం కావాలి. అదే యజమాని, అదే చోటికి తిరిగి వెళ్లేవాళ్లకే దాని మినహాయింపు. కొత్త యజమాని దగ్గరకు మనీలా నుంచి వెళ్లాలంటే వలస కార్మికుల శాఖలో కాంట్రాక్టు ప్రాసెసింగ్ మొదటి నుంచి చేయించాలి. జీతం లేకుండా వారాలు పోతాయి. వెళ్లినప్పుడు ఫిలిప్పీన్స్ వలస కార్మికుల సంక్షేమ సంస్థ ఓడబ్ల్యూడబ్ల్యూఏలో సభ్యత్వం చూసుకోమనండి. రెండేళ్లకు 25 డాలర్లు, ప్రమాద మరణానికి 2 లక్షల పెసోల బీమా ఉంటుంది. అది చాలదు, ఇద్దరూ టర్మ్ పాలసీ తీసుకోండి.

మీరు మాత్రం ఆవిడ ఆస్కీ పాసై, బ్యాండ్ 5 జీతం ఒక్కసారైనా ఖాతాలో పడ్డాకే రాజీనామా ఇవ్వండి. నర్సుల భర్తలకు డిపెండెంట్ వీసా ఇస్తున్నారు, దానిమీద ఉద్యోగమూ చేసుకోవచ్చు. వైద్య సిబ్బందికి ఇచ్చే హెల్త్ అండ్ కేర్ వీసా కాబట్టి, అక్కడి వైద్య సేవలకు వీసాతో పాటు వసూలు చేసే హెల్త్ సర్‌చార్జ్ ఉండదు. మూడేళ్ల లోపైతే వీసా ఫీజు 300 పౌండ్ల పైచిలుకు. ట్రస్టు హామీ ఇవ్వకపోతే మీ కోసం 285 పౌండ్లు 28 రోజులు ఖాతాలో చూపించాలి. ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజున సరిచూసుకోండి.