ఇటుకలలో వేడిని దాచబోయే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ కాగితం మిల్లులో పగటి సోలార్ కరెంటుతో ఇటుకలను కాచి, ఆ వేడితో రాత్రంతా ఆవిరి తీయాలన్న నీ ఆలోచన చదివి చాలా సంతోషించాను. నా ఉద్యోగమంతా ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుకు (ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమికి) వేడిగాలి ఇచ్చే స్టవ్‌ల దగ్గరే గడిచింది కనుక ఇది నాకు కొత్త విద్యగా తోచలేదు. 1857లో ఇంగ్లండు ఇంజనీరు కౌపర్ పేటెంటు పొందిన నాటి నుంచి ఆ స్టవ్‌లు చేస్తున్నది ఇదే: మండే వాయువుతో ఇటుకలను కాచి, తర్వాత వాటి గుండా చల్లగాలిని ఎదురు దిశలో పంపి, వెయ్యి డిగ్రీలు దాటిన గాలిని ఫర్నేసుకు అందించడం. నీ దగ్గర మంట స్థానంలో కరెంటు తీగ ఉంటుంది, అంతే.

ముందు లెక్క వేసుకో. టన్ను ఇటుక 500 డిగ్రీల మేర చల్లారితే దాదాపు 140 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, అంటే కిలోవాట్-గంటలు) వేడి ఇస్తుంది. పది బార్ల (మామూలు గాలి ఒత్తిడికి సుమారు పది రెట్ల) ఒత్తిడిలో టన్ను ఆవిరికి సుమారు 700 యూనిట్లు కావాలి. అంటే రాత్రి వాడే ప్రతి టన్ను ఆవిరికి ఐదు టన్నుల ఇటుక, నష్టాలు కాక. అమ్మేవారు 1500 డిగ్రీలని చెబితే ఆ అంకెకు లొంగిపోవద్దు. ఆ ఒత్తిడిలో ఆవిరి ఉండేది 180 డిగ్రీల పైచిలుకే కాబట్టి, ఇటుక ఎంత వరకు చల్లారినా ఆవిరి తగ్గకుండా వస్తుందో అడిగి రాతపూర్వకంగా తీసుకో.

సాయంత్రం ఇటుకల నుంచి వచ్చే గాలి మరీ వేడిగా ఉంటుంది, తెల్లవారేసరికి నీరసిస్తుంది. మా స్టవ్‌లలో మిక్సర్ వాల్వు ద్వారా మొదట ఎక్కువ చల్లగాలి కలిపి, క్రమంగా తగ్గిస్తూ, ఫర్నేసుకు ఎప్పుడూ ఒకే వేడి అందేలా చూసేవాళ్ళం. అటువంటి బైపాస్ లేని యంత్రానికి సంతకం పెట్టవద్దు.

ఇటుక రకం విషయంలో మొహమాటపడకు. సిలికా ఇటుకను ఒకసారి కాచాక సుమారు 600 డిగ్రీల కిందికి దిగనిస్తే లోపలి స్ఫటికాలు రూపం మారి పగులుతుంది; రోజూ కాగి చల్లారే నీ పనికి ఫైర్‌క్లే (మంటకు తట్టుకునే బంకమట్టి) ఇటుక గానీ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) ఎక్కువగా ఉన్నది గానీ మేలు. మొదటిసారి కాచేటప్పుడు తేమ పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి నెమ్మదిగా పెంచాలి. తొందరపడిన చోట ఇటుక రాలి గాలిదారులు మూసుకుపోవడం నేను కళ్ళారా చూశాను.

కాలిఫోర్నియాలో ఒక ఇథనాల్ ప్లాంటులో ఇలా ఇటుకలలో వేడి దాచే యంత్రాలు చేసే రోండో సంస్థ 2023లో 2 వేల యూనిట్ల వేడి దాచే చిన్న యంత్రంతోనే మొదలుపెట్టింది. నీవూ ఇప్పుడున్న బాయిలర్‌ను తీయకుండా, దాని పక్కన చిన్నదే పెట్టు. ఈలోగా మీ ఆవిరి వాడకాన్ని గంట గంటకూ నెల రోజులు నమోదు చేసి నాకు పంపు. ఎంత ఇటుక కావాలో ఇద్దరం కలిసి తేల్చుదాం.

మీ పెదనాన్న