మతం, కులం లేకపోతే గొడవలు ఆగుతాయా?

ప్రశ్న: మా వాడకట్టులో అన్ని మతాలవాళ్లం ఉంటాం. నిమజ్జనం ఊరేగింపులో డీజే దగ్గర మొదలైన మాట వాట్సాప్ గ్రూపుకెక్కి, ఇప్పుడు పలకరింపులు కూడా తగ్గాయి. అసలు మతం, కులం లేకపోతే ఈ గొడవలే ఉండవు కదా? మేమేం చేయాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: లేకపోయినా ఉంటాయి. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 14, 15 ఏళ్ల పిల్లలను రెండు జట్లు చేశాడు. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయో చూసి విడదీశామని పిల్లలకు చెప్పారు. నిజానికి చీటీలు తీసినట్టు పంచారు. డబ్బు పంచమంటే ఎక్కువ మంది సొంత జట్టువైపే మొగ్గారు. అవతలివాళ్లకు ఇంకా తక్కువ అందాలని తమ జట్టుకు రాగలిగింది కూడా కొంత వదులుకున్నారు. ఒక్క జట్టు పేరుకే ఇంత జరిగితే, తరాల జ్ఞాపకాలు, పెళ్లి సంబంధాలు, ఓట్లు ముడిపడిన మతం, కులం ఎంత బలంగా పనిచేస్తాయో ఆలోచించండి.

అయినా పేరు వేరైతే పగ తప్పదని కాదు. అన్నారం యాకూబ్ షావలి దర్గాకు మొక్కి పిల్లలకు యాకయ్య, యాకమ్మ అని పేరు పెట్టుకున్న హిందువులు మీ ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉన్నారు. మొహర్రంలో పీరీలను ఎత్తుకునే చేతులు ఏ ఒక్క మతానివీ కావు.

కాకపోతే పండుగనాటి కలయిక ఒక్కటే చాలదు. అశుతోష్ వార్ష్ణేయ అనే రాజనీతి శాస్త్రవేత్త 1950 నుంచి 1995 దాకా మన దేశంలో జరిగిన హిందూ–ముస్లిం అల్లర్లను పరిశీలించాడు. వీధి పలకరింపులకంటే ఉమ్మడి సంఘాలు, వ్యాపార బంధాలు ఉన్న నగరాలే పుకార్లను తట్టుకున్నాయని తేల్చాడు. లక్నోలో చికన్ అనే, బట్టల మీద దారంతో పూలు కుట్టే పని ఎక్కువగా ముస్లింలది, వ్యాపారం ఎక్కువగా హిందువులది. గొడవైతే ఇద్దరి పొయ్యీ ఆరిపోతుంది.

కాబట్టి పండుగకు నెల ముందే ఎనిమిది, పది మందితో కమిటీ వేయండి. పెద్దమనుషులతో మాత్రమే నింపితే పనిచేయదు. ఊరేగింపు ముందు నడిచే కుర్రాళ్లు, మసీదు కమిటీ మనిషి, చర్చి మనిషి, డీజే పెట్టించేవాడు తప్పకుండా ఉండాలి. దారి, నమాజు వేళలు, పాటలు ఎక్కడ ఆపాలో కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. పండుగ అయ్యాక రద్దు చేయకండి, మోరీలు, నల్లా నీళ్లు, వీధి దీపాల పని దానికే అప్పగించండి. గొడవయ్యాక వేసే శాంతి కమిటీలో ఎవరినీ ఎవరూ నమ్మరు.

గ్రూపులో క్షమాపణ అడగకండి. నలుగురు చూస్తుంటే ఎవరూ తగ్గరు. మాటామాటా అనుకున్న ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించండి. మెసేజ్‌పై రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చినట్టు. ముందు ఆ చోట ఉన్న మనిషికి ఫోన్ చేసి అడగాలి. అబద్ధమైతే అడ్మిన్ దాన్ని గ్రూపులో అందరికీ కనపడకుండా తొలగించవచ్చు. మతాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడుతుందని గ్రూపు వివరాల్లోనే రాసిపెట్టండి. రాళ్లదాకా వస్తే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.