నులిపురుగుల మాత్ర వేశాక కూడా ఐజీఈ తగ్గకపోతే

అమ్మా, తాడిపత్రిలో ఉంటున్న మీ ఏడేళ్ల బాబుకు రాత్రిపూట దగ్గు వస్తోందనీ, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (పురుగులు సోకినప్పుడు, అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) 14 శాతం, మొత్తం ఐజీఈ (అలాంటప్పుడే పెరిగే ఒక యాంటీబాడీ) 1,800 వచ్చాయనీ, మలపరీక్షలో మాత్రం ఏమీ కనిపించలేదనీ రాశారు. డాక్టరు గారు అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేయించిన నెలకు మళ్లీ ఐజీఈ చేయిస్తే దాదాపు అంతే ఉందన్నారు. పురుగులు పోలేదా అన్నది మీ మొదటి సందేహం, ఒంట్లో యాంటీబాడీలు తయారవుతూనే ఉంటే పురుగులు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయన్నది రెండోది. నేను అనంతపురంలో చాలా ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మందుల సంగతి డాక్టరు గారే చెప్పాలి కానీ, పరీక్షలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో నేను వివరించగలను.

నెల రోజులకు ఐజీఈ తగ్గకపోవడం మాత్ర పనిచేయలేదనడానికి ఆధారం కాదు. రక్తంలో ఐజీఈ రెండు మూడు రోజుల్లోనే సగానికి సగం తరిగిపోతుంది, అయినా దాన్ని తయారుచేసే కణాలు పురుగు చచ్చిపోయాక కూడా చాలాకాలం బతికి ఉండి, తమ పని తాము చేస్తూనే ఉంటాయి. అందువల్ల రిపోర్టులోని అంకె దిగిరావడానికి నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటినా పూర్తిగా దిగదు. పైగా మొత్తం ఐజీఈ అంతా పురుగు మీద గురిపెట్టినది కాదు. పురుగు ప్రవేశించినప్పుడు విడుదలయ్యే ఐఎల్-4 వంటి సంకేతాలు పురుగుతో సంబంధం లేని కణాలను కూడా ఐజీఈ తయారీ వైపు మళ్లిస్తాయి. ఉబ్బసం, దురద దద్దుర్లు, ఇంటి దుమ్ము, మన ఊళ్ల చుట్టూ విరివిగా పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా ఇదే అంకెను పెంచగలవు. అందుకే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ప్రతి నెలా ఐజీఈ చేయించి డబ్బులు పోగొట్టుకోవద్దని చెబుతుంటాను. దానికంటే ఇసినోఫిల్స్ సంఖ్యను కొన్ని వారాల తేడాతో చూడడం మేలు, అదీ మాత్ర వేసిన వెంటనే కాదు, ఎందుకంటే పురుగులు చచ్చేటప్పుడు అది కొంతకాలం పెరిగే అవకాశం ఉంది.

ఇక మలపరీక్షలో కనిపించలేదన్న మాట. మేము సెలైన్ చుక్కలోనూ అయోడిన్ చుక్కలోనూ కొద్దిగా మలం కలిపి, మైక్రోస్కోపు కింద వెతికేది పురుగును కాదు, దాని గుడ్డును. ఏలికపాము గుడ్డు పైన గోధుమ రంగు బుడిపెల పొర ఉంటుంది, ఒకసారి చూసినవారు మరచిపోరు. కొంకిపురుగు గుడ్డు అలా కాదు, పల్చటి గాజులాంటి పెంకు, లోపల నాలుగైదు భాగాలుగా చీలిన ముద్ద, వెలుతురు కాస్త ఎక్కువైతే కంటికి ఆనదు. పల్లె నుంచి ఉదయం బస్సులో బయలుదేరిన డబ్బా మా బల్ల మీదికి మధ్యాహ్నం చేరితే, అందులోనూ మన ఎండాకాలంలో, పరీక్ష నాణ్యత పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఏలికపాము గుడ్డు కడుపులోకి వెళ్లాక దాని పిల్లపురుగు పేగు గోడ దాటి, రక్తంలో ప్రయాణించి, ఊపిరితిత్తుల్లోకి చేరి, గొంతు దాకా ఎక్కివచ్చి, మళ్లీ మింగుడుపడి పేగుకు చేరుతుంది. అది పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న దశలోనే దగ్గు వస్తుంది, ఇసినోఫిల్స్ పెరుగుతాయి, కానీ అప్పటికి మలంలో ఒక్క గుడ్డు కూడా ఉండదు. మీ బాబు విషయంలో ఇదే జరిగిందని నేను అనలేను, అయితే ఆ అవకాశాన్ని ఒక్క మలపరీక్షతో కొట్టిపారేయకూడదు. కొన్ని రోజుల తేడాతో మూడు నమూనాలు తాజాగా ఇప్పించండి, ఆ తర్వాత రెండు మూడు నెలలకు మరొకసారి చూపించండి.

మీ రెండో సందేహం నాకు చాలా ఇష్టమైనది. తట్టు ఒకసారి వస్తే సాధారణంగా మళ్లీ రాదు, ఒంట్లో ఏర్పడిన యాంటీబాడీలు జీవితాంతం కాపాడతాయి. పురుగుల విషయంలో ఆ లెక్క కుదరదు. ఐజీఈ వెళ్లి పేగు గోడల్లో, చర్మంలో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుంటుంది, పురుగు పదార్థం తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, పేగులో జిగురు, కదలిక పెరుగుతాయి, పురుగును బయటికి నెట్టే ప్రయత్నం మొదలవుతుంది. కానీ పురుగు నెలల తరబడి తిష్ఠ వేసినప్పుడు శరీరం ఐజీజీ4 అనే మరొక యాంటీబాడీని పెంచుతుంది. అది ఐజీఈ పట్టుకోవలసిన పదార్థాన్నే ముందుగా పట్టుకుని అడ్డంగా నిలుస్తుంది. దీనివల్ల మన కణజాలం దెబ్బతినకుండా కొంత రక్షణ దొరుకుతుంది, పురుగుకూ అదే రక్షణ అవుతుంది. బోదకాలు పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతున్నా ఏ లక్షణమూ లేనివారిలో ఐజీజీ4 ఎక్కువగా ఉండడానికి ఇదే కారణమని భావిస్తారు. ఆఫ్రికాలోని గాంబియాలో, మన వైపు లేని ఒక రక్తనాళపు పురుగు మీద జరిగి 1991లో వెలువడిన పరిశోధనలో, చికిత్స తర్వాత ఐజీఈ ఎక్కువగా ఉన్నవారికి పురుగు మళ్లీ సోకడం తక్కువగా, ఐజీజీ4 ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువగా కనిపించింది. అలాగని ఐజీఈని పెంచితే సరిపోతుందనుకోవడానికీ వీల్లేదు. కొంకిపురుగుకు తయారుచేసిన ఒక టీకాను బ్రెజిల్‌లో పరీక్షించినప్పుడు, అంతకుముందే ఆ పురుగు సోకి ఐజీఈ ఏర్పడి ఉన్న కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఆ టీకాను అంతటితో ఆపవలసి వచ్చింది.

మన సీమ పెద్దవాళ్లను అడగండి, తాగే నీళ్ల ద్వారా సోకే నారికురుపు పురుగు సంగతి చెబుతారు. మా అవ్వ పిక్క మీద దాని మచ్చలు ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. ఒక ఏడు పురుగును పుల్లకు చుట్టి లాగించుకున్న మనిషికే మరో ఏడు మళ్లీ వచ్చేది, ఒంట్లోని యాంటీబాడీలు దాన్ని ఆపలేకపోయాయి. దానికి టీకా రాలేదు, చంపే మందూ రాలేదు. దిగుడు బావుల్లోకి మనుషులు దిగకుండా చేయడం, నీళ్లు గుడ్డతో వడగట్టుకోవడం, బోర్లు వేయడం వల్లనే పోయింది. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదైంది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం దాని నుంచి విముక్తమైందని ధ్రువీకరించింది. మీ బాబుకు కూడా మాత్ర ఎంత అవసరమో, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగడం, గోళ్లు కత్తిరించడం, పచ్చి కూరగాయలు బాగా కడగడం, మరుగుదొడ్డి వాడడం అంతే అవసరం. చీనీ తోటల పాదుల్లో తడి, నీడ రెండూ ఉంటాయి, కొంకిపురుగు పిల్లలకు కావలసిందీ అవే. కాబట్టి తోటకు వెళ్లినప్పుడు కాళ్లకు చెప్పులు వేయించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే మాత్రను తప్పనివ్వకండి.

చివరిగా ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఎవరైనా స్టిరాయిడ్ మాత్రలు లేదా ఇంజెక్షన్లు మొదలుపెడదామనవచ్చు. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు మనిషి ఒంట్లోనే తరతరాలుగా పెరుగుతూ ఏళ్ల తరబడి ఉండగలదు, మామూలు మలపరీక్షకు తరచూ దొరకదు, స్టిరాయిడ్లు పడితే విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. యాంటీబాడీ పరీక్ష నిజంగా ఉపయోగపడేది ఇక్కడే, రక్తంలో ఈ పురుగు మీద తయారైన ఐజీజీ అనే యాంటీబాడీని ఎలైసా పద్ధతిలో వెతుకుతారు. అల్బెండజోల్ ఒక్క మాత్రతో ఈ పురుగు పోతుందని అనుకోవద్దు, దీనికి ఐవర్‌మెక్టిన్ వాడతారు. కనుక స్టిరాయిడ్ మాట వచ్చిన రోజున, బాబుకు ఇసినోఫిల్స్ 14 శాతం ఉన్న ఆ పాత రిపోర్టును డాక్టరు గారి ముందు పెట్టి, ఈ పురుగు ఉందో లేదో ముందుగా చూడమని అడగండి.