నాటు గుడ్డు 15 రూపాయలే, మరి కోడి తినేదెంత?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. ఇంటి వెనక 10 గుంటల జాగా ఉంది. 3 లక్షల ఎఫ్‌డీ తీసి, షెడ్డు వేసి 500 నాటుకోళ్లు పెడదామనుకుంటున్నా. టౌన్లో నాటు గుడ్డు 15 రూపాయలకు కొంటున్నారు. పాపది డిగ్రీ చివరి ఏడాది. పెట్టమంటారా?

జవాబు: అమ్మా, షెడ్డుకు మేస్త్రీని పిలిచే ముందు ఒక్క పెట్ట లెక్క చూద్దాం.

నాటుపెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడుతుందనుకోండి. మీ ధరకు 900 రూపాయలు. షెడ్డులో కట్టడి చేస్తే గింజ గింజా మీరే కొనాలి. రోజుకు 80 గ్రాముల చొప్పున ఏడాదికి 29.2 కిలోలు. కిలో 30 రూపాయలనుకున్నా 876. మిగిలింది 24 రూపాయలు! మందులు, కరెంటు, చచ్చిన కోళ్లు, షెడ్డు ఖర్చు ఇంకా రాయనే లేదు.

తప్పు కోడిది కాదు. మా నాయనమ్మ గంప కింద గడ్డి పరిచి 12 గుడ్లు పొదగేసేది. 21 రోజులకు పిల్లలు లేచేవి. ఆ తర్వాత పెట్ట వాటిని వెంటేసుకుని పెంటకుప్పల మీద తిరిగేది, అన్నాళ్లూ గుడ్డు మాటే ఉండేది కాదు. పొదిగే గుణం ఉన్న కోడికి అది సహజం. పూర్తి షెడ్డు లెక్క ఏడాదికి 300 దాకా పెట్టే లేయర్ కోడికి కుదురుతుంది. కానీ ఆ గుడ్డుకు 15 రూపాయలు ఎవరూ ఇవ్వరు. పెద్ద ఫారాలతో పోటీ మనకెందుకు?

పూర్తిగా పెరట్లో వదిలేస్తే మేత ఖర్చు దాదాపు ఉండదు. పురుగులు, గడ్డి గింజలు, ఇంట్లో నూకలు సరిపోతాయి. అయితే ఒక పెరడు పదో పదిహేనో కోళ్లను మేపుతుంది, వందలను కాదు. అక్కడ అసలు డబ్బు పిల్లలు, పుంజులు అమ్మితే వస్తుంది. గుడ్లు ఇంటి కూరకు పోను మిగిలితే అమ్ముకోవచ్చు.

మీ 10 గుంటలకు నేను చెప్పేది మధ్య దారి. చుట్టూ జాలీ కట్టి పగలు తిప్పండి, రాత్రికి గూటిలో వేయండి. పిల్లి, ముంగిసల బెడద తెలిసిందే కదా. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం 40 పెట్టలతో మొదలుపెట్టండి. ఇవి పొదగవు, గుడ్డు గోధుమ రంగులో ఉంటుంది. ఏడాదికి 160 గుడ్లు, గుడ్డు 10 రూపాయలు, తిరిగి మేసింది పోను రోజుకు 70 గ్రాముల మేత అనుకుంటే పెట్టకు 800 పైన మిగులుతుంది. పిల్లను గుడ్డుకొచ్చేదాకా పెంచే ఖర్చు, చావులు తీసేస్తే 40 పెట్టల మీద ఏడాదికి 20 వేల దాకా చూడొచ్చు. దీన్ని నాటు గుడ్డని చెప్పి 15కు అమ్మకండి. టౌన్లో ఒక్కసారి తేడా తెలిసిందంటే మళ్లీ మీ గుమ్మం తొక్కరు.

కొక్కెర తెగులు టీకా మాత్రం మర్చిపోవద్దు. మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌2బి. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఇది తప్పితే నా లెక్కంతా ఒక్క వారంలో గల్లంతు.

ఎఫ్‌డీ జోలికి పోకండి, అది పాప చదువు డబ్బు. జాలీ, గూడు, పిల్లలకు 40 వేలు కావాలంటే అదే ఎఫ్‌డీ మీద లోన్ అడగండి, ముందే తీసి వడ్డీ పోగొట్టుకోవడం కంటే నయం. కోళ్ల పెంపకానికి కిసాన్ క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు, సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. ఒక్క మాట, కోళ్ల ఆదాయం పన్ను లెక్కలో వ్యవసాయం కిందికి రాదు. 40 కోళ్లకు ఆ టెన్షన్ లేదు గానీ, రేపు పెంచితే గుర్తుంచుకోండి.

పిల్ల గుడ్డుకు రావడానికి 5–6 నెలలు పడుతుంది. అప్పటిదాకా రూపాయి రాదు కాబట్టి, ఆ మేత డబ్బు ముందే విడిగా తీసి పెట్టాకే పిల్లలకు అడ్వాన్స్ ఇవ్వండి.