చెట్లెక్కి కొమ్మలు కొట్టేవారికి ఎలాంటి హార్నెస్ మంచిది?

విజయవాడలో చెట్ల కొమ్మలు కొట్టే మీ తమ్ముడికి భవన నిర్మాణంలో వాడే సేఫ్టీ బెల్టు సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. దాని ముఖ్యమైన రింగు వీపు మీద ఉంటుంది, పడితే ఆపడానికే అది. చెట్టు మీద మాత్రం గంటల తరబడి తాడుకు వేలాడుతూ, ఇంచుమించు కూర్చునే పని చేయాలి. నడుముకూ తొడలకూ వెడల్పాటి మెత్తలు, ఎక్కే తాడును తగిలించడానికి ముందు వైపు అడ్డంగా ఉండే చిన్న తాడు లేదా పట్టీ (దీన్నే బ్రిడ్జ్ అంటారు), కాండం చుట్టూ తిప్పే తాడు కోసం రెండు పక్కలా రింగులు ఉన్న రకం కావాలి. లేబుల్ మీద ఈఎన్ 813 (కూర్చునే హార్నెస్‌లకు), ఈఎన్ 358 (పక్క రింగులతో పనిచేసే నడుము బెల్టులకు) అనే యూరప్ ప్రమాణాలు రెండూ ఉన్నాయేమో చూడండి.

నిలబడి బిగించుకుంటే ప్రతి హార్నెసూ హాయిగానే అనిపిస్తుంది! నేలకు అడుగు ఎత్తున పది నిమిషాలు వేలాడితేగానీ దాని సంగతి తెలియదు. పట్టీ గజ్జల్లో ఒరుసుకుంటున్నా, నడుము భాగం పక్కటెముకల మీదికి జారుతున్నా అది మీవాడి కొలత కాదు. బెజవాడ ఎండలకు మెత్తలోంచి గాలి ఆడాలి, లేదంటే మధ్యాహ్నానికే చెమటకు ఒళ్లు ఒరిసిపోతుంది. త్వరగా అరిగేది బ్రిడ్జే కాబట్టి, దాన్ని విడిగా మార్చుకోగలిగే మోడలే తీసుకోండి. ఎవరో వాడి అమ్మేది సగం ధరకు వచ్చినా వద్దు. రంపం నడిపేటప్పుడు ఒక్క తాడును నమ్ముకోవద్దని కూడా అతనికి చెప్పండి, రెండోది కట్టుకున్నాకే కోత.