రిస్ట్రెయినింగ్ ఆర్డర్ వచ్చాక అతని తుపాకీని ఎవరు తీసుకుంటారు?

కాలిఫోర్నియాలో ఉంటున్న మీ చెల్లెలికి కోర్టు రిస్ట్రెయినింగ్ ఆర్డర్ (భర్త ఆమె జోలికి రాకూడదనే ఉత్తర్వు) ఇచ్చింది కాబట్టి, భర్త దగ్గరున్న తుపాకీని పోలీసులే తీసుకుపోతారా అని అడిగారు. దానంతట అది జరిగిపోతుందని అనుకోవద్దు. మా పిన్ని కూతురి వెంట అక్కడి కోర్టుకు వెళ్లినప్పుడు నేను తెలుసుకున్నది ఇదే.

ఆ రాష్ట్రంలో ఆర్డర్ తాత్కాలికమైనదైనా సరే, అది చేతికి అందినప్పటి నుంచి అతను తుపాకీ గాని తూటాలు గాని ఉంచుకోకూడదు. పోలీసు అధికారి అడిగితే అప్పటికప్పుడు, అడగకపోతే 24 గంటల్లోగా, వాటిని పోలీసులకో లైసెన్సున్న తుపాకుల డీలరుకో అప్పగించి, 48 గంటల్లోగా రసీదును కోర్టులో దాఖలు చేయాలి. అందుకు డీవీ-800 అనే ఫారం ఉంది.

మా చెల్లి ఇల్లు వదిలే ముందు అల్మారాలో దుప్పట్ల వెనకనున్న రెండు నల్లని తుపాకీ పెట్టెలను ఫోనులో ఫొటో తీసుకుంది. విచారణ రోజున అతని రసీదులో ఒక్క పిస్టలే ఉంది. రెండోదాన్ని స్నేహితుడికి అమ్మేశానన్నాడు. అక్కడ అలాంటి అమ్మకం కూడా డీలరు ద్వారానే జరగాలి కనుక జడ్జి ఆ కాగితం చూపమన్నారు. అతని దగ్గర లేదు. ఆ ఫొటోయే లేకపోతే రెండో తుపాకీ మాట ఎవరికీ తెలిసేది కాదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

1994 నాటి ఫెడరల్ చట్టం దేశమంతటా ఇదే నిషేధం పెట్టినా, అవతలి వ్యక్తికి నోటీసు ఇచ్చి, తన వాదన చెప్పుకునే అవకాశం కల్పించాక వచ్చిన ఆర్డర్లకే అది వర్తిస్తుంది. అలాంటి రాష్ట్ర చట్టం లేనిచోట, తాత్కాలిక ఆర్డర్ మాత్రమే ఉండే విడిపోయిన తొలి వారాల్లో, అంటే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజుల్లోనే, ఆమెకు ఆ రక్షణ ఉండదు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. టెక్సస్ నుంచి వచ్చిన రహీమీ కేసులో 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ఆ చట్టాన్ని నిలబెట్టింది కాబట్టి, దాన్ని కొట్టేశారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకవేళ అతను హెచ్-1బీ మీద ఉంటే, హంటింగ్ లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే అసలు తుపాకీ ఉంచుకోకూడదు. ఆ సంగతి లాయరుకు చెప్పండి.

ఆర్డర్ కోసం పెట్టే డీవీ-100 దరఖాస్తులో తుపాకులు ఎన్ని, ఎలాంటివి, ఎక్కడ ఉంచుతాడు అన్నది మీ చెల్లెలు తెలిసినంత మేరకు రాసి ఉండాలి. విచారణకు ముందే రసీదు దాఖలైందో లేదో క్లర్కును అడిగి, కాకపోతే జడ్జికి చెప్పాలి. పెట్టె ఇంకా అక్కడే ఉందా అని చూడటానికి మాత్రం ఆమెను ఆ ఇంటికి వెళ్లనివ్వకండి.